పంచె మీద మరక

మా చిత్తూరు, తిరుపతి పక్క 'ఆడ' అంటే 'అక్కడ'. ఆ మాటకు చర్మవ్యాధుల డాక్టర్లకు మాత్రమే తెలిసిన ఇంకో అర్థం ఉంది. రోగి వచ్చి కూర్చుంటాడు. దురద అంటాడు. యాడ అని అడుగుతాం. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ "ఆడ" అంటాడు. ఆడంటే యాడ అని మళ్ళీ అడిగితే, కుర్చీలో కాస్త పక్కకు ఒరిగి, "ఆడేనమ్మా, కూచునే కాడ" అంటాడు. ఆడవాళ్ళు ఆ మాత్రం కూడా చెప్పరు. కాళ్ళ పగుళ్ళకో జుట్టు రాలడానికో మందు రాయించుకొని, తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి పెట్టి ఆగుతారు. అలా ఆగిన మనిషిని మళ్ళీ కూర్చోబెట్టండి అని నా దగ్గర పనిచేసిన పిల్ల డాక్టర్లకు చెప్పేదాన్ని. అసలు రోగం చాలాసార్లు అక్కడే, తలుపు దగ్గరే, బయటపడుతుంది.

మలద్వారం చుట్టూ దురద. వినేవాళ్ళకు నవ్వొస్తుంది. పడేవాళ్ళకు నిద్ర ఉండదు, నలుగురిలో కూర్చునే ధైర్యం ఉండదు. పది మందిలో తొమ్మిది మందికి అది చిన్న రోగమే. శుభ్రం కాలేదేమోనని సబ్బుతో, డెట్టాలుతో మళ్ళీ మళ్ళీ రుద్ది రుద్ది చర్మానికి కోపం తెప్పించుకున్నవాళ్ళు కొందరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న పూత మందులతో అక్కడి చర్మాన్ని ఉల్లిపొరలా పలచన చేసుకున్నవాళ్ళు కొందరు. మొలలు, నులిపురుగులు, తామర, ఇంకా ఉన్నాయి. ఉత్త నీళ్ళతో కడుక్కో, మెత్తటి గుడ్డతో అద్దుకో, సబ్బు మానెయ్యి, నేనిచ్చింది తప్ప ఇంకేదీ పుయ్యొద్దు అని చెబితే సగం మంది బాగుపడతారు. ఇప్పుడు చెప్పబోయేది ఆ పదో మనిషి సంగతి.

అప్పట్లో నేను తిరుపతిలో ఉంటూ, రోజూ బస్సులో చిత్తూరు వైపు ఒక ఆసుపత్రికి వెళ్ళి వచ్చేదాన్ని. ఒకరోజు ఓపీలో ముప్పై దాటిన ఒక ఆడమనిషి నా ఎదురుగా కూర్చుంది. కార్వేటినగరం పక్క పల్లె. మామిడి తోటల్లో కూలికి పోతుంది. మొగుడు రేణిగుంటలో లారీ డ్రైవరు, వారానికి ఒకసారి ఇంటికొస్తే గొప్ప.

"నాకు కాదు మేడం," అంది. "మా మామకు."

"ఏమైంది?"

"నాకు తెల్దు. ఆయన సెప్పడు, నేను అడగలేను. పంచ మీద నెత్తుటి మరకలు పడతా ఉండాయి. సిన్న సిన్నగా. గోకినట్టు."

కొన్ని నెలలుగా ఆయన తీరు మారిందట. టీకొట్టు బెంచీ మీద కూర్చోవడం మానేశాడు. బస్సులో సీటున్నా నిలబడే పోతాడు. అన్నం కూడా ఒక్కోసారి నిలబడి తింటాడు. ఊళ్ళో వాళ్ళు ముసలోనికి మతి తప్పింది అంటున్నారట. కొడుకు కూడా అదే అనుకుంటున్నాడు. మామాకోడళ్ళ మధ్య ఆ మాట ఎలా వస్తుంది? అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఇంకో పెద్ద ఆడదిక్కు లేదు. ఆయన్ను ఎలాగైనా తీసుకురా అన్నాను.

తీసుకొచ్చింది. ఏం చెప్పి తెచ్చిందో మరి, ఆయన మాత్రం తెల్లటి పంచె, ఉతికిన చొక్కా, భుజాన తువ్వాలుతో పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. కోడలు వరండాలోనే ఆగిపోయింది. ఆ రోజు నా పక్కన చిన్న డాక్టరు ఒకడు ఉన్నాడు. చదువు అప్పుడే అయిపోయిన పిల్లాడు, చురుకైనవాడు. యాడ పెద్దాయనా అని అడగ్గానే, ఆయన పంచె తొడ దాకా పైకెత్తి, "ఈడ సామీ" అన్నాడు. గజ్జల పక్కన రూపాయి బిళ్ళల్లాగా తామర మచ్చలు. గోకిన గీతలు, ఎండిన నెత్తురు. చిన్న డాక్టరు ముఖం వెలిగిపోయింది. పుస్తకంలో బొమ్మలాగే ఉంది మేడం అన్నాడు. నేనూ తొంగి చూశాను. తామరే. కోడలు చెప్పిన మరకకు మామ చూపించిన మచ్చ అతికినట్టు సరిపోయింది. వరండాలో జనం తోసుకుంటున్నారు. మందు రాసి పంపించాం.

తర్వాత తెలిసింది, అడిగితే చూపించడానికని ఆయన ఆ తామర మచ్చను చాలా ముచ్చటగా కాపాడుకున్నాడని. చూపించినా పరువు పోని చోట ఉన్నది ఆయనకు అదొక్కటే.

మందులు అయిపోయే రోజులకు కోడలు మళ్ళీ ఒక్కతే వచ్చింది. "తొడ బాగైంది మేడం. మరక మాత్రం పోలేదు," అంది. కొంచెంసేపు పైటకొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది. "అది ముందర పక్క కాదు మేడం. ఎనకాల పడతా ఉండాది."

ఈసారి ఆయన్ను ఇద్దరం కలిసి కూర్చోబెట్టాలనుకున్నాం. పరీక్ష ఉంది, చివరిసారి చూసి చీటీ ఇస్తారు అని చెప్పి తీసుకురమ్మన్నాను.

ఆ ఉదయం నాకు బాగా గుర్తుంది. ఆయన లోపలికి వస్తూనే, కూర్చోకుండానే, "నయమైపోయింది తల్లీ, మీ సలవ" అని పంచె తొడ దాకా ఎత్తి చూపించాడు. చర్మం శుభ్రంగా ఉంది. చిన్న డాక్టరు సంతోషంగా నా వైపు చూశాడు. నేను అతన్ని బయటికి పంపించి తలుపు వేశాను. గదిలో మేము ముగ్గురమే. కోడలు ఆయన వెనక నిలబడింది.

"ఇంకెక్కడైనా దురద ఉందా పెద్దాయనా?"

"యాడా లేదు తల్లీ."

"కూర్చోండి."

"పర్వాలేదు. నిలబడతా."

అప్పుడు వెనక నుంచి కోడలి గొంతు వచ్చింది. గట్టిగా కాదు.

"మామా. నీ పంచ ఉతికేది నేనే."

ఆయన వెనక్కి తిరగలేదు. "ఇప్పుడు నేనే ఉతుక్కుంటా ఉండాను కదమే."

"అందుకే సెప్తా ఉండా. ఇన్నేండ్లు లేనిది, ఊరు లెయ్యకముందే బోరింగు కాడికి పొయ్యి నువ్వెందుకు ఉతుక్కుంటా ఉండావు? ఆరేసినాక నాకు కనపడదా?"

ఆయన తల వంగిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డాడు. పెద్ద మనిషి, ఊళ్ళో మాటకు విలువున్న మనిషి. ఇంకొక్క క్షణం అలాగే ఉంచితే ఆయన గది దాటి వెళ్ళిపోతాడని నాకు భయమేసింది. కోడలికి కూడా అదే అనిపించి ఉండాలి.

"నేను బయట కూచుంటా," అంది. "డాక్టరమ్మ ఏమడిగితే అది సెప్పు. నాకు సెప్పొద్దు. నేను అడగను కూడా."

తలుపు దగ్గరికి వేసుకొని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక మనిషి మర్యాదను అంత జాగ్రత్తగా కాపాడిన ఇంకొకరిని నేను ఎక్కువగా చూడలేదు.

అప్పుడు చెప్పాడు. భార్య పోయిన తర్వాత ఎప్పుడో మొదలైందట. మొలలనుకున్నాడు. వేపాకు నీళ్ళతో కడుక్కున్నాడు, ఉప్పు నీళ్ళతో కడుక్కున్నాడు. గోకితే కాసేపు హాయి, తర్వాత మంట. కార్వేటినగరంలో మెడికల్ షాపుకు పోయి సగం మాట చెప్పగానే ఆ కుర్రాడు పళ్ళికిలించి, "యాడికి పొయ్యొచ్చినావు పెద్దాయనా ఈ వయసులో" అన్నాడట. ఒక గొట్టం మందు చేతిలో పెట్టాడట. అప్పటినుంచి మందు మాత్రం ఇంకో ఊళ్ళో కొనుక్కుంటున్నాడు, నోరు మాత్రం ఎవరి దగ్గరా విప్పలేదు.

"మా ఆడది పొయ్యినాక నేను ఎవుర్నీ సూళ్ళేదు తల్లీ," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ రోగం సూస్తే ఎవురైనా అదే అనుకుంటారు. కోడలు కూడా అనుకుంటాదేమో అని."

ఇన్నాళ్ళు ఆయన దాచింది పుండును కాదని అప్పుడు అర్థమైంది. పైకి చూస్తే పరువు. లోపల చూస్తే చనిపోయిన భార్యకు తన మీద ఉన్న నమ్మకం. మీ మాట నమ్ముతాను, అలాంటి రోగమైనా నేను మిమ్మల్ని తక్కువగా చూడను, కానీ చూడకుండా ఏదీ చెప్పలేను అన్నాను. ఆయన పరీక్ష చేసే బల్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆడ డాక్టరు. కూతురి వయసు.

"ఇంట్లో ఆవులున్నాయా పెద్దాయనా?"

"ఉండేటివి. ఇప్పుడొకటే ఉండాది."

"దానికి వెనకాల రోగమొస్తే ఏం చేస్తావు?"

"ఏం చేస్తాం? తోకెత్తి సూస్తాం."

"అది సిగ్గుపడుతుందా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "సిగ్గుపడదు. తంతాది."

"నువ్వు తన్నకుంటే చాలు నాకు."

ముందు ఆయన నవ్వాడు, తర్వాత నేను. నవ్వుతూనే బల్ల ఎక్కాడు. మగ నర్సును పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను. పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకొని పడుకున్నాడు, తువ్వాలు ముఖాన కప్పుకున్నాడు.

మలద్వారానికి ఒక పక్కగా అరచేతిలో సగం అంత ఎర్రటి పచ్చి మచ్చ. తడిగా ఉంది. మధ్య మధ్య తెల్లటి పొర. గీత గీసినట్టు స్పష్టమైన అంచు. మామూలు గజ్జి అయితే అంచు అలా ఉండదు, రెండు పక్కలా దాదాపు ఒకేలా ఉంటుంది, మందుకు ఎంతో కొంత లొంగుతుంది. ఇది ఏళ్ళ తరబడి దేనికీ లొంగలేదు. ఇలాంటి మచ్చను నేను పుస్తకాల్లో చూశాను. మనిషి మీద చూడటం అదే మొదటిసారి. చిన్న డాక్టరును లోపలికి పిలుస్తాను, నీ కొడుకు లాంటివాడు, నేర్చుకోవాలి అని పెద్దాయన్ను అడిగాను. తువ్వాలు కింద నుంచి "రానీ" అన్నాడు. పిల్లాడు వచ్చి చూశాడు. పుస్తకంలో బొమ్మ మాట ఈసారి ఎత్తలేదు. నేను మత్తు సూది వేసి చిన్న ముక్క తీస్తుంటే, ఎవరూ చెప్పకుండానే పిల్లాడు పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు.

ముక్కను తిరుపతికి పరీక్షకు పంపాను. కొద్దిరోజులకు ఫలితం వచ్చింది. అది చర్మం పై పొరలోనే మెల్లగా, ఏళ్ళ తరబడి పాకే ఒక రకం క్యాన్సరు. చూడటానికి అచ్చం గజ్జిలాగే ఉంటుంది. వదిలేస్తే లోపలికి దిగుతుంది. కొందరిలో పేగులో ఇంకో క్యాన్సరు దాక్కొని, దానికి ఇది గుర్తుగా బయటికి వస్తుంది. కాబట్టి లోపల కూడా చూడాలి.

ఫలితం కోసం ఆయన వచ్చినప్పుడు, ముందు ఆయనకే చెప్పాను. కోడలు బయట ఉంది.

"దానికి సెప్పినావా?"

"లేదు. ముందు నీకే."

తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. "పిలువు తల్లీ. ఇంక దాచేదేముండాది."

ఆమె వచ్చి కూర్చుంది. ఏడవలేదు. "కోస్తే పోతాదా మేడం?" అని అడిగింది. పై పొరలోనే ఉంటే పోతుంది, అదే చూడాలి అన్నాను. అక్కడికక్కడే మొగుడికి ఫోను చేసింది. లారీ నాయుడుపేట దాటి పోతోందట. పెద్దాయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "వానికి రోగం పేరు సెప్పు, యాడో సెప్పొద్దు" అన్నాడు. ఆమె తలూపింది. ఫోనులో కొడుకు గొంతు నాకు కూడా వినిపిస్తోంది. క్యాన్సరా, యాడ, యాడ అని అరుస్తున్నాడు. ఆమె మామ ముఖం చూసి, "నువ్వు తిరుపతికి రా, సెప్తా" అని పెట్టేసింది. అంత కష్టంలోనూ నాకు నవ్వొచ్చింది. పెద్దాయనకు కూడా వచ్చిందనుకుంటాను, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

తిరుపతిలో పెద్ద ఆసుపత్రిలో పేగంతా కెమెరాతో చూశారు. లోపల ఏమీ లేదు. మచ్చను చుట్టూ మంచి చర్మంతో సహా తీసేసి, పక్క చర్మాన్ని లాగి కుట్టారు. క్యాన్సరు పై పొర దాటలేదని చెప్పారు. ఇంకా ఆలస్యమైతే ఇంత సులభంగా పోయేది కాదట. ఆ మాట వినగానే నాకు మొదట ఆ పంచె గుర్తొచ్చింది, అది ఉతికిన చెయ్యి గుర్తొచ్చింది.

ఆపరేషను బాగా జరిగినా పని అక్కడితో అయిపోలేదు. పంపించే ముందు నర్సు వచ్చి, రోజూ గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టాలి, పుండు కడిగి గుడ్డ మార్చాలి, ఇంట్లో ఎవరు చేస్తారో వాళ్ళకు నేర్పిస్తా అంది. ఆ రోజు ఆదివారం. నేను చూడటానికి వెళ్ళి మంచం పక్కనే ఉన్నాను. కొడుకు అప్పటికే మళ్ళీ బండెక్కాడు, పని పోతుందని. కోడలు ముందుకొచ్చింది.

పెద్దాయన పక్క మీద లేవబోయాడు. "వొద్దు. ఇది వొద్దు. ఈడనే ఉంటా, పుండు మానేదాకా ఈడనే పడుంటా. కోడలు సేత ఆ పని సేయించుకోను. నాకొద్దు ఆ పాపం."

"గమ్మునుండు మామా."

"నువ్వు గమ్మునుండు. నీకు తెల్దు. ఊరు ఏమంటాది?"

ఆమె చేతిలో తొట్టి కింద పెట్టింది. నర్సు ఉంది, నేనున్నాను, పక్క మంచాల వాళ్ళున్నారు. ఎవరినీ చూడలేదు.

"పెద్దపాప పుట్టినప్పుడు నాకు కుట్లు సీము పట్టి ఒళ్ళు కాలిపోతా ఉన్నింది. మా యమ్మ రాలేదు. అత్త మంచం మీద ఉన్నింది. నీ కొడుకు గుడ్డలు ముట్టుకోలేదు. నా గుడ్డలు ఎవురుతికినారు మామా? బోరింగు కాడ ఊరంతా సూస్తా ఉంటే నువ్వు గాదా ఉతికింది?"

లేవబోయినవాడు మళ్ళీ దిండు మీద వాలాడు.

"సిగ్గుతో సచ్చిపోతాననుకున్నా నేను. అప్పుడు నువ్వేమన్నావు? బిడ్డను కన్నదానికి సిగ్గేంది మే అన్నావు. ఊరు ఏమంటాదని నేను అడిగితే, ఊరొచ్చి ఉతుకుతాదా అన్నావు."

వార్డులో ఎవరో దగ్గారు. ఫ్యాను తిరుగుతోంది. పెద్దాయన మెల్లగా, మంచం కమ్మీ పట్టుకొని, గోడ వైపు పక్కకు తిరిగి పడుకున్నాడు. అదే ఆయన జవాబు. నర్సు చూపిస్తోంది, కోడలు చేస్తోంది. ఎలా అద్దాలో, ఎక్కడ ఒత్తకూడదో. ఆయన ముఖం మాకు కనపడదు. కాసేపటికి గోడ వైపు నుంచే గొంతు వచ్చింది.

"నీళ్ళు మరీ కాగినట్టుండాయి. సూసుకో మే, నీ సెయ్యి కాలతాది."

నర్సు కిటికీ దగ్గరికి వెళ్ళి పరదా సర్దింది. సర్దవలసిన అవసరం దానికి లేదు.

పుండు చక్కగా మానింది. ఇలాంటి రోగం మళ్ళీ రావచ్చు కాబట్టి కొన్ని నెలలకొకసారి నా దగ్గరికి రమ్మన్నాను. ప్రతిసారీ ఇద్దరూ కలిసి వచ్చేవాళ్ళు. ఆయన లోపలికి, ఆమె వరండాలో. చూపించుకునేటప్పుడు ఆయన ఇప్పుడు తువ్వాలు ముఖాన కప్పుకునేవాడు కాదు. ఆవు సంగతులు చెబుతూ పడుకునేవాడు. చిన్న డాక్టరు కొన్నాళ్ళకు వేరే ఊరికి పోయాడు. అక్కడ నుంచి అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. రోగిని చూసేటప్పుడు తలుపు వేస్తున్నాను మేడం, చూపించిన చోటే కాదు, చూపించని చోటు కూడా అడుగుతున్నాను అంటాడు. పిల్ల డాక్టర్లూ, మీరూ అలాగే చేయండి. ఎన్నాళ్ళకూ తగ్గని దురదను ఇంకో కొత్త మందుతో సరిపెట్టకండి. ముక్క తీసి చూడండి. అంతకన్నా ముందు, ఆ మనిషి ఎవరికి భయపడి నోరు మూసుకున్నాడో తెలుసుకోండి.

ఆపరేషను అయి ఏడాది దాటిన తర్వాత ఒకసారి వచ్చారు. ఆ రోజు ఓపీ కిటకిటలాడుతోంది. వరండా బెంచీల నిండా జనం. మెట్ల మీద కూడా కూర్చున్నారు. బాగా వెతికి చూశాను. ఎక్కడా ఏమీ లేదు, చర్మం మెత్తగా మామూలుగా ఉంది. పెద్దాయనా, ఏమీ లేదు, హాయిగా ఉండు అన్నాను. పంచె బిగించుకొని, నాకు దండం పెట్టి తలుపు తీశాడు. అటు చివర బెంచీ దగ్గర కోడలు లేచి నిలబడింది. అడగలేదు. ఆమె ఎప్పుడూ అడగలేదు. కళ్ళతో మాత్రం చూసింది.

ఆయన గడప మీదే ఆగి, అంతమంది జనం మీదుగా, పొలం గట్టు నుంచి పిలిచినట్టు కేకేశాడు.

"మేయ్, ముడ్డి బంగారంగా ఉండాదంట!"

వరండా అంతా నవ్వు, బెంచీల నుంచి మెట్ల దాకా. కోడలు తల బాదుకొని పైటకొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన నెమ్మదిగా నడిచి వెళ్ళి, ఇద్దరు మగవాళ్ళను కాస్త జరగమని, వాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చున్నాడు.